పట్టుపురుగు మేత - గృహస్థు ధర్మము

హిందూపురం, మదనపల్లె ప్రాంతములలో పట్టుపురుగుల పెంపకము అనేక కుటుంబములకు జీవనాధారము. పురుగును మేపుట యెంత శ్రద్ధతో కూడిన పనియో ఆ గృహస్థులకు తెలియును.

దాని ఆహారము మల్బరీ ఆకు. చాకీ పురుగులకు లేత ఆకును సన్నగా తరిగి వేయవలెను. పెరిగిన పిదప కొమ్మలతోనే వేయవచ్చును. తడిసిన ఆకు, దుమ్ము పట్టిన ఆకు రోగహేతువులు. పురుగుమందు సోకిన ఆకు ప్రాణాంతకము. పురుగు నాలుగు మారులు జ్వరమునకు కూర్చుండును. అప్పుడు తలయెత్తి కదలక యుండును, మేత మానవలెను. చివరి జ్వరము నుండి లేచిన పిదప, జీవితకాలపు మేతలో నూటికి 80 పాళ్లు ఆ కొలది దినములలోనే తినును. అర్ధరాత్రియు లేచి మేపక తప్పదు. పసిబిడ్డకు చేయు సేవకు ఇది తీసిపోదు.

ఇట్లు సుమారు 25 దినములు సాకిన ప్రాణి గూడు కట్టుకొనగానే, దానిని ఆవిరితోనో వేడిగాలితోనో చంపుదురు. శలభము గూటిని ఛేదించుకొని వెలువడినచో దారము తెగకుండ రాదు గదా! కాయకము పూజ్యమనియు, దయయే ధర్మమునకు మూలమనియు బసవేశ్వరుని బోధ. ఈ రెండును ఒకే తట్టలో ఎట్లు ఇముడును?

శలభము మేత ముట్టదు, ఎగురలేదు, కొలది దినములకే మరణించును గనుక దోషము లేదని కొందరందురు. ఆయువు అల్పమగుట చంపుటకు హక్కు కాజాలదు. 1990ల దశకములో చేనేత రంగమునకు చెందిన కుసుమ రాజయ్య, శలభమును వెలికి రానిచ్చి, విడిచిన గూళ్లతో దారము వడికించి అహింసా పట్టు నేయించిరి. ఇది ఆదరణీయము. అయినను ఒక్కొక్క ఆడ శలభము వందల గ్రుడ్లు పెట్టును. వాటినన్నిటిని పొదగనిచ్చినచో ఆ పిల్లలకు ఆకు తెచ్చువారెవరు? వేల యేండ్లుగా మనుష్యుని చేతిమేతకు అలవడిన ఆ జీవి స్వయముగా బ్రదుకజాలదు. గూడు తెరచినంత మాత్రమున దయ పూర్తి కాదు.

కావున దోషమును పేద రైతుపై మాత్రమే మోపుట న్యాయము కాదు. అతడు కుటుంబ పోషణకై మేపుచున్నాడు. ఆడంబరమునకై కొనువాడే ఆ పనిని పెంచుచున్నాడు. ఒక్క పట్టుచీరకు వేలకొలది గూళ్లు కావలెను. పెండ్లికొక చీరతో తృప్తి చెందుట, పూజకు ఉతికిన నూలుబట్ట చాలునని యెరుగుట ప్రతి గృహస్థునకు సాధ్యమే. మేపువాడు మంచి ఆకు వేయవలెను; కట్టువాడు మితము పాటింపవలెను. ఈ రెండును గలచోట కాయకమును దయయు కొంతవరకైన కలసి నిలుచును.