తలుపు ఎవరిది?

2015 జూలై 29న విండోస్ 10 వచ్చింది. విండోస్ 7, 8.1 ఉన్నవాళ్లకి ఏడాదిపాటు ఉచితం. అప్పుడు నేను పనిచేసే చిన్న ఆడిటర్ ఆఫీసులో సంబరంగా ఎక్కించేసుకున్నాం. ఎక్స్‌ప్రెస్ సెట్టింగ్స్ అంటే ఓకే కొట్టేశాం (అవన్నీ ఎవరు చదువుతారండీ!). లొకేషన్, టైపింగ్ తీరు, ప్రకటనలకో ఐడీ, అన్నిటికీ ఒప్పుకున్నట్టే. మా ప్రో ఎడిషన్లో టెలిమెట్రీని తగ్గించగలం, పూర్తిగా ఆపలేం. ఇంకా కిందికి దించే వీలు ఎంటర్‌ప్రైజ్ లాంటివాటిలో ఉంది. ఎంటర్‌ప్రైజ్ ఈ ఉచితంలో లేదు.

నా గుట్టు నేను ఇచ్చుకుంటే నా ఇష్టం. ఆ కంప్యూటర్లో ఉన్నవి వేరేవాళ్ల పాన్ నంబర్లు, అప్పులు, జీతాలు. ఫైళ్లు పోయాయనడం లేదు. ఏం పోతుందో తెలుసుకోకుండానే తలుపు తీశాం, వాళ్లనొక్క మాట అడక్కుండా.

ఆ వారమే ఒక పెద్దాయన కాగితాలిస్తూ, "మా అబ్బాయికి కూడా చూపించకమ్మా" అన్నాడు. సరేనన్నాను.