నెట్‌వర్క్‌లో ‘ఇప్పుడు’ ఎవరిది?

కంప్యూటర్‌లోని గడియారం క్వార్ట్జ్ స్ఫటికం కంపనాలను లెక్కపెట్టుకుంటూ నడుస్తుంది. వేడికీ వయసుకీ ఆ కంపనాలు మారతాయి కాబట్టి, పక్కపక్కనే ఉన్న రెండు సర్వర్లు కూడా కొన్నాళ్లకు వేర్వేరు సమయాలు చూపిస్తాయి. బెంగళూరు మహదేవపురలోని ఐటీ కార్యాలయాల్లాంటి చోట్ల ఎన్నో యంత్రాలు కలిసి పనిచేస్తాయి. ఏ లావాదేవీ ముందు, ఏ చొరబాటు తరవాత అన్నది వాటి లాగ్‌లను (ఘటనల నమోదులను) చూసి తేల్చాలి. అన్ని యంత్రాలకూ ఒకే సమయం అందించే టైమ్ సర్వర్ అవసరమైంది అందుకే. కాలం నిజంగా ఒక్కటేనా, లేక అందరూ ఒప్పుకున్న లెక్క మాత్రమేనా అన్న పాత ప్రశ్న ఆ ఏర్పాటులోనే దాగి ఉంది.

నెట్‌వర్క్ ద్వారా గడియారాలను కలపడానికి డేవిడ్ మిల్స్ రూపొందించిన ఎన్‌టీపీ నియమావళి 1985లో వెలువడింది. అందులో అణుగడియారం వంటి మూలాధారానిది సున్నా అంచె. దానికి నేరుగా కలిపిన సర్వర్‌ది ఒకటో అంచె, దాన్ని అడిగి తెలుసుకునేది రెండోది. దేశంలోని సంస్థలు తమ గడియారాలను జాతీయ భౌతిక ప్రయోగశాల లేదా జాతీయ సమాచార కేంద్రం (ఎన్‌ఐసీ) సర్వర్లతో, లేదా వాటికి అనుసంధానమైన సర్వర్లతో సరిపోల్చుకోవాలని 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. సమయం అడగడానికి ఆధార సర్వర్లు రెండే అయితే, తేడా వచ్చినప్పుడు ఏది తప్పో తెలియదు. అందుకే, ఒకటి తప్పినా మిగతావి తేల్చేలా నాలుగు పెట్టుకోవడం మేలు. ముందుకెళ్లిన గడియారాన్ని వెనక్కి తిప్పితే లాగ్‌ల వరస తారుమారవుతుంది. కొద్దిపాటి తేడా అయితే దాని నడకను నెమ్మదింపజేసి సరిచేస్తారు.

ఆ గడియారాలు చూపే భారత ప్రామాణిక సమయం కూడా ఒక ఒప్పందమే. అది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఆ లెక్కన మహదేవపుర స్థానిక సగటు సౌరకాలం సుమారు 19 నిమిషాలు వెనక ఉంటుంది.

అసలు చిక్కు కొలతలో ఉంది. సర్వర్‌ను సమయం అడిగే ప్రశ్న బయలుదేరిన, చేరిన క్షణాలూ, జవాబు బయలుదేరిన, చేరిన క్షణాలూ నమోదవుతాయి. రానుపోను పట్టిన మొత్తం సమయం వీటినుంచి తెలుస్తుంది. పోవడానికెంత, రావడానికెంత అన్నది విడిగా తెలియాలంటే గడియారాలు ముందే కలిసి ఉండాలి. అందువల్ల రెండూ సమానమని ఎన్‌టీపీ అనుకుంటుంది. పోవడానికి 30 మిల్లీసెకన్లు, రావడానికి 10 పడితే లెక్క 10 మిల్లీసెకన్లు తప్పుతుంది. ఆ తప్పు ఆ నాలుగు అంకెల్లో ఎక్కడా కనబడదు. దూరాన ఉన్న గడియారాలను కలపడానికి 1905లో ఐన్‌స్టైన్ కూడా కాంతి రాకపోకలకు సమానకాలం పడుతుందన్న దాన్ని నిర్వచనంగానే తీసుకున్నాడు.

కాలం ఒక్కటేనా అన్న ఆ పాత ప్రశ్నకు వస్తే, 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో కాలాన్ని ఒక్కటిగా, సర్వవ్యాపిగా, నిత్యంగా చెప్పాడు. న్యాయవైశేషికుల మతంలో క్షణం, దినం వంటి విభాగాలు సూర్యగమనం లాంటి ఉపాధుల (హద్దులు గీసే నిమిత్తాల) వల్ల ఏర్పడినవే. ఆ దృష్టితో చూస్తే స్ఫటికమూ అణువూ కొత్త ఉపాధులు. వస్తువులను విడిచి కాలమనేది వేరే లేదని బౌద్ధ దార్శనికుడు నాగార్జునుడు వాదించాడు. 1978లో కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ గడియారాలు లేకుండానే ఘటనల వరస చూపించాడు: సందేశం పంపడం, అది అందడానికి ముందే జరుగుతుంది. అలాంటి సంబంధమేదీ లేని రెండు ఘటనల్లో ఏది ముందన్నది ఈ వరస చెప్పదు.

టైమ్ సర్వర్ ఈ వాదాన్ని తీర్చదు. అది ఇచ్చేది ఫలానా పొరపాటు హద్దు లోపలి ఒప్పందం. రెండు నమోదుల మధ్య తేడా ఆ హద్దుకన్నా తక్కువైనప్పుడు, ఒకటి ముందు జరిగిందని గడియారాన్ని బట్టి చెప్పడం ప్రమాణం కాదు. అక్కడ కార్యకారణ సంబంధాన్నే చూడాలి.