పక్కవాద్యం

 

కచేరీ ముగిశాక గాయకుడి పేరు ఊరంతా మారుమోగుతుంది. ఆయన రాగం ఆలపిస్తుంటే ప్రతి సంగతినీ ఆ క్షణంలోనే పట్టుకుని, ఆయన ఊపిరి తీసుకునే వ్యవధిని నాదంతో నింపినవారు వయొలిన్ విద్వాంసులు. తాళాన్ని నిలబెట్టినవారు మృదంగ విద్వాంసులు. కచేరీ ఆసాంతం శ్రుతిని కాపాడినవారు తంబూరా వేసినవారు. వీరి పేర్లు మనలో ఎందరికి గుర్తుంటాయి? 

ఈ ప్రశ్నకు మన విజయనగరమే గొప్ప సమాధానం ఇచ్చింది. 1919లో ఇక్కడ సంగీత కళాశాల మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. అక్కడే వయొలిన్ ఆచార్యులైన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1936లో ఆ పీఠాన్ని అధిష్ఠించారు. పక్కవాద్యంగా పేరుపడిన వయొలిన్‌తో ఆయన నిండు కచేరీలు చేశారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనను సంగీత కళానిధిగా గౌరవించింది. గాయకుడి పక్కనున్న వాద్యంలోనూ అంతటి సంగీతం ఉందని లోకానికి తెలిసింది. 

జానపద కళల్లోనూ ఇంతే. శ్రీకాకుళం పల్లెల్లో జముకుల కథ చూడండి. కథకుడు ఎంత గొప్పవాడైనా జముకు అనే వాద్యం మోగాలి, వంత పలకాలి. అప్పుడే కథ రక్తి కడుతుంది. 

పండగలకు, జాతర్లకు కళాకారులను పిలిచేవారికి ఒక మనవి. కరపత్రంలో అందరి పేర్లూ అచ్చు వేయించండి. వేదిక మీద ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పిలవండి. శాలువా ఒక్కరితో ఆపకండి, పారితోషికంలోనూ న్యాయం చేయండి. 

మంచి పాట పదిమంది కష్టం. మన మెప్పు కూడా ఆ పదిమందికీ అందాలి.