పడవ ఎక్కే ముందు అప్పమాదం

 

ఉపాసకులారా, ఉపాసికలారా! పోయిన చలికాలంలో ఒక ఆదివారం, వందన అయిపోయి అందరం చాపలు చుట్టేస్తా ఉంటే, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసే మన కుర్రాడొకడు నన్ను పక్కకు పిలిచాడు. "మామా, ఎల్టీసీ మీద అండమాన్ పోతున్నాం. ఓడల్లో దీవులు తిరగతాం. స్కూబా అంట, సముద్రంలోకి దిగి చేపల్ని చూడొచ్చంట. బౌద్ధులం గదా, ఇట్టాంటి విలాసం తప్పేమో?" అన్నాడు.

వాడి నాయనమ్మ నాకు తెలుసు. ఊరబావి కాడ బిందె పెట్టుకొని, పై కులం వాళ్లు ఎవరో ఒకరు వచ్చి నీళ్లు చేది పోసేదాకా ఎండలో నిలబడిన మనిషి. ఆమె మనవడు సముద్రంలో దిగడం తప్పా అని నన్ను అడుగుతున్నాడు! "పోరా అబ్బయ్యా, తప్పకుండా పో" అన్నాను.

ఎందుకన్నానో మీకూ చెప్పాలి. సముద్రం దాటితే మనిషి పతితుడవుతాడని రాసిపెట్టింది మన ధమ్మం కాదు, బౌధాయన ధర్మసూత్రం. బాబాసాహెబ్ ఆ రాతను లెక్కపెట్టలేదు. 1913లో ఓడెక్కి న్యూయార్క్ పోయి కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. అదే బాబాసాహెబ్ 1927 మార్చి 20న మహద్‌లో చవుదార్ చెరువు నీళ్లు దోసిలితో తాగడానికి వేలమందిని వెంటబెట్టుకొని నడవాల్సి వచ్చింది. మహాసముద్రం దాటి వచ్చిన మనిషికి ఊరి చెరువు అందలేదు, చూడండి. కాబట్టి నీళ్లంటే మనకు వినోదం ఒక్కటే కాదు.

మన తీరానికి ఓడలు కొత్తా? రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మతో శాతవాహనులు నాణేలు వేయించారు. నాగార్జునకొండ శాసనంలో బోధిసిరి అనే ఉపాసిక తామ్రపర్ణి భిక్ఖువుల కోసం, అంటే సింహళం నుంచి సముద్రం మీద వచ్చినవాళ్ల కోసం, చేసిన దానం ఈనాటికీ చదువుకోవచ్చు. ధమ్మం ఈ నీళ్ల మీద వచ్చింది, ఈ నీళ్ల మీదే పోయింది. భయపడి ఒడ్డున కూర్చున్నవాళ్ల ధమ్మం కాదిది.

అయితే ఆ కుర్రాడికి ఇంకో మాట కూడా చెప్పాను. ఈ కరపత్రం రాసేది ఆ మాట కోసమే.

ఆ తర్వాత నెలకు మేము కొంతమందిమి పులికాట్ పోయాం. చిల్కా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. 2022 జిల్లాల మార్పులో సూళ్లూరుపేట, తడ తిరుపతి జిల్లాలోకి పోయాయి గానీ మా నోటికి ఇంకా నెల్లూరు తీరమే. రాజహంసల్ని చూసి, పడవలో దీవి దాకా పోయి రావాలని మా ఆశ. రేవు పేరు చెప్పను. పడవలో పట్టేదానికంటే మనుషులు ఎక్కువున్నారు, చంకన పిల్లలు. లైఫ్ జాకెట్లు ఏవి తమ్ముడూ అని అడిగితే పడవ నడిపే అబ్బాయి నవ్వి, "ఏం గాదు సార్, పొద్దున్నే పడవకి టెంకాయ కొట్టాం" అన్నాడు. మాతో వచ్చిన ఉపాసకుల్లో ఇద్దరు, ఇంట్లో దేవుడి పటాలు తీసేసి పదేళ్లయిన వాళ్లు, ఆ మాటకు తల ఊపి ఎక్కి కూర్చున్నారు!

నాకు బాధ కలిగింది అక్కడే. ఇరవై రెండు ప్రతిజ్ఞలు నోటికి వచ్చు. కానీ టెంకాయ మీద నమ్మకం ఇంకా కాళ్లలో ఉంది. 2011 డిసెంబరు 25న ఇదే పులికాట్‌లో, తమిళనాడు వైపున, పండగపూట షికారుకు పోయిన పడవ బోల్తాపడి 22 మంది పోయారు. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమం కాడ కృష్ణలో పడవ తిరగబడితే పోయినవాళ్లలో మన ఒంగోలు, నెల్లూరు వాళ్లున్నారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు. ఈ మూడు చోట్లా ఎవరూ దేవుణ్ణి తలుచుకోకుండా ఎక్కి ఉండరు. 'ఖర్మ, రాసిపెట్టుంది' అని మనవాళ్లు కూడా అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. తథాగతుడు చెప్పిన కమ్మం అది కాదు. కమ్మం అంటే చేసే పని. పడవలో ఎంతమందిని ఎక్కించారన్నది ఒక పని. జాకెట్ కట్టారా లేదా అన్నది ఒక పని. దాని ఫలం నీళ్లలో కనపడుతుంది.

తథాగతుడి చివరి మాటలో ఉన్నది అప్పమాదం. ఏమరుపాటు లేకపోవడం. దీన్ని మనం ధ్యానంలో కళ్లు మూసుకొని కూర్చోవడానికే వాడుతున్నాం. పడవ రేవులో వాడండి.

మేము ఆ రోజు దిగిపోయాం. "బౌద్ధులంటే పిరికోళ్లా?" అని ఎవరో అన్నారు. అననీండి.

ఇక అండమాన్ పోయిన మన కుర్రాడు తిరిగొచ్చి చెప్పిన సంగతి వినండి. హేవ్‌లాక్‌లో, ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు, నీళ్లలోకి దిగే ముందు వాళ్లు నేర్పిన మొదటి నియమం: ఊపిరి బిగపట్టొద్దు. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్న దానికి రెండింతలు. అక్కడ పీల్చుకున్న గాలిని బిగబట్టి పైకొస్తే అది ఊపిరితిత్తుల్లో ఉబ్బి ప్రాణం మీదికి తెస్తుంది. లోపలికి పోయే శ్వాసను, బయటికొచ్చే శ్వాసను ఎరుకతో గమనిస్తూ ఉండాలి. "మామా, నువ్వు ఆనాపానసతి అని రెండేళ్లు చెప్పింది నాకు పది నిమిషాల్లో తలకెక్కింది" అన్నాడు. సంతోషించాను గానీ, స్కూబా ధ్యానమని నేననను. డబ్బు కట్టి దిగే దానికీ, కోపం వచ్చినప్పుడు ఇంట్లో కూర్చొని చేసేదానికీ తేడా ఉంది. ఇంకో తమాషా. నీళ్లలో చేపల్ని చూసి ఆనందం పట్టలేక వాడు బొటనవేలు పైకెత్తి బాగుందన్నాడంట. అక్కడ ఆ సైగకు 'పైకి పోదాం' అని అర్థం. నేర్పే ఆయన వాణ్ణి వెంటనే పైకి తీసుకుపోయాడు! డబ్బులు దండగ.

శీలాల సంగతి క్లుప్తంగా. పగడపు దిబ్బ రాయి కాదు, ప్రాణి. ముట్టుకోవద్దు, గుర్తుగా ముక్క తేవొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కూడా అది నేరమే. ఓడలో మందు దొరుకుతుంది. తాగి నీళ్లలో దిగేవాడికి అయిదో శీలం గురించి నేను చెప్పక్కర్లేదు, నీళ్లే చెబుతాయి.

పులికాట్‌లో మెడలోతు నీళ్లలో కూర్చొని ఉత్త చేతులతో రొయ్యలు పట్టే యానాదులను మీరు చూసే ఉంటారు. నీటి అడుగు గురించి వాళ్లకు తెలిసినంత ఏ స్కూబా మాస్టరుకు తెలుసు? వాళ్లకు మాత్రం ఏ సర్టిఫికెట్టూ లేదు, సరైన కూలీ కూడా లేదు. షికారుకు పోయినప్పుడు వాళ్ల దగ్గర పది రూపాయలకు బేరమాడే ఉపాసకుణ్ణి నేను చూశాను. సిగ్గుపడ్డాను.

దీవుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. పాలీలో 'దీప' అనే మాటకు రెండర్థాలు: దీపం, దీవి. వృద్ధాప్యంలో బేలువ గ్రామంలో జబ్బుపడి లేచిన తథాగతుడు ఆనందుడికి చెప్పిన బోధలో ఆ మాట ఉంది. మన తెలుగు పుస్తకాల్లో ఎక్కువగా దీపమనే రాస్తారు. అట్టకథలో దీవి అనే అర్థం ఉంది. తీరంలో పుట్టినవాణ్ణి, నాకు రెండోదే దగ్గర. తుపాను రాత్రి దీపం ఆరిపోతుంది. కాళ్ల కింద మిట్ట ఉంటే మనిషి నిలబడతాడు. ఇరకం దీవి జనాన్ని అడగండి. వాళ్లకు పడవంటే షికారు కాదు, బడి, ఆసుపత్రి, సంత, అన్నీ పడవే. చుట్టూ నీళ్లున్నప్పుడు మనకు మనమే మిట్ట కావాలంటే ఏమిటో వాళ్లకు వివరించక్కర్లేదు.

అలాగని దీవంటే ఎవరికి వాళ్లే విడిగా ఉండడం అనుకునేరు. పెన్న మన ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిశాక దాన్ని పెన్న అని ఎవరంటారు? సంఘంలోకి వచ్చినవాళ్ల కులం కూడా అట్టాగే పోతుందని తథాగతుడు పోల్చాడు. 1956 అక్టోబరు 15న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఈ పోలికే గుర్తుచేశారు. స్కూబాలో కూడా ఒంటరిగా దిగనివ్వరు, పక్కన తోడుండాల్సిందే.

మాఘ పౌర్ణమికి మళ్లీ పులికాట్ పోతున్నాం. ఈసారి చందాలు వేసుకొని 14 లైఫ్ జాకెట్లు కొన్నాం. నాలుగు పిల్లల సైజువి. పద్నాలుగు కంటే ఒక్కరు ఎక్కువైనా రెండో విడతకు ఆగాల్సిందే, దానికి ఒప్పుకున్నవాళ్లే పేరు రాయించండి. మొన్న రేవుకు పోయి ఒకటి ఆ పడవ నడిపే అబ్బాయికి ఇచ్చాను. ముందు నవ్వాడు. తర్వాత అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ తాడు యాడ కట్టాల సార్?" అని అడిగాడు.