చేతికి కూడా చదువు కావాలి

డోన్ నుంచి బేతంచెర్ల వైపు వెళ్తే నాపరాళ్లకు పాలిష్ పట్టే యూనిట్లు కనిపిస్తాయి. రాయిని తట్టి, మోతను బట్టి లోపల పగులుందో లేదో చెప్పగల మేస్త్రీలున్నారు. ఆ తెలివికి మన బడిలో మార్కుల్లేవు.

ఒకప్పుడు కొంత చోటుండేది. చేతిపని ద్వారానే చదువు చెప్పాలని 1937లో వార్ధాలో గాంధీజీ అన్నారు. మన హైస్కూళ్లలో క్రాఫ్ట్ మాస్టార్లు ఉండేవారు. నేత, కుట్టు, వడ్రంగం నేర్పేవారు. పని అనుభవం చదువులో భాగం కావాలని 1966లో కొఠారి కమిషన్ కూడా చెప్పింది. కానీ పదో తరగతి మార్కుల పరుగులో ఆ క్రాఫ్ట్ పీరియడు లెక్కలకో సైన్సుకో పోయింది. ఇది నన్ను నిజంగా బాధిస్తుంది. లంబకోణం నిర్వచనం అప్పజెప్పే పిల్లవాడికి మూలమట్టం పెట్టి గోడ మూల సరిచూడటం రాకపోతే, ఆ లెక్క సగమే వచ్చినట్టు.

6 నుంచి 8 తరగతుల పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. పది రోజులు చాలవు. అయినా వాటిని వదులుకోవద్దు. డోన్ పిల్లల్ని ఆ రాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. దుమ్ము పీల్చకుండా ముక్కూ నోరూ మూసే సరైన మాస్కు పెట్టుకోవడం ముందు నేర్పండి. పాఠం చెప్పిన మేస్త్రీకి ఆ రోజు కూలి పోకుండా బడి తరఫున గౌరవ వేతనం ఇవ్వండి.