అతిథిసేవయా, తీర్థయాత్రయా?

దేవుని దర్శనమునకు బయలుదేరినవారు నడిత్రోవలో వెనుదిరుగవచ్చునా? సంకల్పము చెప్పుకొని, ఇల్లు విడిచి, క్షేత్రాభిముఖముగా సాగిన పిమ్మట మరలుట దోషము కాదా? ఈ ప్రశ్న గ్రంథములలో పుట్టినది కాదు. కోనసీమలో నొక గృహిణి జీవితమున పుట్టినది.

ఆమె డొక్కా సీతమ్మగారు. 1841లో మండపేటలో జన్మించి, లంకల గన్నవరము కాపురస్తులగు డొక్కా జోగన్నగారిని వివాహమాడి, 1909లో పరమపదించువరకు ఆ గృహమునే అన్నశాలగా నడపిరి. ఆ గ్రామము వైనతేయ గోదావరి చెంతనున్నది. ఆ కాలమున లంకసీమలలో ప్రయాణమనగా రేవున పడవకై కాచుకొనుటయే. వరద వచ్చినచో అదియు లేదు. ఏ అపరాహ్ణమునకో, ఏ అర్ధరాత్రమునకో గట్టెక్కిన బాటసారికి ఆ యింటి తలుపు తెరచియుండెడిది. కులమేదని గాని, ఇది వేళయా యని గాని అడుగక విస్తరి వేసెడివారు. జోగన్నగారికి పంటభూములుండెను, నిజమే. కాని గాదెలోని గింజ లిచ్చుట ఒక యెత్తు, నిదుర లేచి పొయ్యి రాజవేయుట మరియొక యెత్తు. అన్నదానములోని కష్టమంతయు ఈ రెండవదానియందే కలదు. దాతల పేర్లు చెక్కిన శిలాఫలకములలో అది కానరాదు.

వసిష్ఠ గోదావరి సాగరమును చేరు చోట వెలసిన అంతర్వేది లక్ష్మీనరసింహస్వామిని సేవింపవలెనని ఆమె చిరకాలము కోరియుండిరట. అతిథులను విడిచి కదలుటకు తీరికయే చిక్కలేదు. తుదకొకనాడు పల్లకిలో బయలుదేరిరి. దారిలో విశ్రమించిన చోటికి ఒక పెండ్లిబృందము వచ్చినది. పిల్లలు ఆకలిచే ఏడ్చుచుండగా, కొంచెము ఓర్చుకొండు, గన్నవరము చేరినచో సీతమ్మగారు అన్నము పెట్టునని పెద్దలు ఊరడించుచుండిరి. ఆ మాట ఆమె చెవిని పడినది. పల్లకిని వెనుకకు త్రిప్పుమనిరి.

మీమాంసకులు కామ్యకర్మమైనను ఆరంభించినచో ముగింపవలెనందురు. ఆ దృష్టితో చూచినచో ఇది లోపమే. అయితే గృహస్థునకు పంచమహాయజ్ఞములు నిత్యములు. అందు మనుష్యయజ్ఞమనగా అతిథిపూజ. నిత్యమును మానినచో ప్రత్యవాయము కలదు. ఇంతటితో తగవు తీరినదా? తీరలేదు. ఇంటివద్ద వండిపెట్టుటకు మరియొకరిని నియోగింపరాదా యని ఆక్షేపింపవచ్చును. ఆ ఆక్షేపణకు సమాధానము శాస్త్రములో గాక ఆ పెద్దల మాటలోనే యున్నది. వారు పిల్లలకు చెప్పినది అన్నమున్నదని కాదు, సీతమ్మగారున్నారని. ఆ నమ్మకమును ఆమె స్వయముగా విన్నారు. వినకపోయినచో అంతర్వేది చేరుట నిర్దోషము. విన్న పిమ్మట ముందుకు సాగుట ఆమెకు సాధ్యము కాలేదు.

సర్వభూతములయందున్న తనను అలక్ష్యము చేసి ప్రతిమను మాత్రము కొలుచువాని పూజ బూడిదలో వేసిన ఆహుతి వంటిదని భాగవత తృతీయస్కంధమున కపిలుడు దేవహూతికి బోధించెను. నవమస్కంధములోని రంతిదేవుడు 48 దినములు ఉపవసించి, దొరకిన అన్నమును, తుదకు నీటిని గూడ వచ్చినవారికి అర్పించెను. వైష్ణవ గృహములకు ఈ కథలు క్రొత్తవి కావు.

అయినను క్షేత్రయాత్ర అనవసరమని వాదించువారికి సీతమ్మగారు అక్కరకు రారు. గుడిమెట్టు త్రొక్కని సోమరి ఆమెను సాక్షిగా పిలుచుట వింత. స్వామిని చూడవలెనను ఆర్తి లేనివానికి మరలుటలో పోవునదేమున్నది? ఆమె విడిచినది తనకు మిక్కిలి ప్రియమైనదానిని. వ్రతభంగమును ధర్మమని చూపుకొనుటకు గాక, ఆకలిగొన్నవారికై తన పుణ్యమును వదలుకొనుటకు ఆమె సిద్ధపడిరి.

ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భమున ఆహ్వానము వచ్చినను ఆమె కదలలేదనియు, ఛాయాచిత్రము మాత్రమే పోయినదనియు చెప్పుదురు. నేడు గన్నవరము వద్ద వైనతేయపై నీటిని దాటించు క్రొత్త అక్విడక్టుకు ఆమె పేరే. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకును ఆ పేరే పెట్టినది. బిడ్డలకు కంచములో అన్నము పడువేళ ఆమె పేరు వినబడుట తగియున్నది.

ఆనాటి పెండ్లివారు గన్నవరము చేరునప్పటికి పల్లకి వారికంటె ముందే ఇల్లు చేరినది. విస్తళ్లు పరచియుండెను.