వేపమండా, డాక్టరు చీటీ

ఇంట్లో పిల్లవాడికి ఆటలమ్మ పోసిందనుకోండి. మీరు ముందు డాక్టరు దగ్గరికి పరిగెడతారా, వేపమండల కోసమా? మొహమాటం లేకుండా చెప్పండి. రెండూ చేస్తారు. డాక్టరు చీటీ ఫ్రిజ్ మీదకీ, వేపమండ గుమ్మానికీ చేరతాయి. పైగా పక్కింటావిడతో, "నాకు వీటిమీద నమ్మకం లేదండీ, ఏదో మా అత్తగారి తృప్తికోసం" అంటారు. అత్తగారు పోయి పదేళ్ళయినా ఆ మాట మాత్రం పోదు!

నమ్మకం లేకుండా ఆచారం పాటించడం ఆత్మవంచన కాదూ? ఇదీ ప్రశ్న.

ఇది అడగడానికి మా ఏ.ఎస్. రావు నగర్‌ని మించిన చోటు లేదు. ఈ పేటకి పేరిచ్చిన అయ్యగారి సాంబశివరావుగారు 1967లో ఇ.సి.ఐ.ఎల్.ను స్థాపించిన శాస్త్రవేత్త. ఒకనాటి ఈసీ టీవీలు ఆ సంస్థవే. ఈనాటి ఓటింగు యంత్రాలు తయారుచేసే సంస్థల్లో అదొకటి. అలాంటి సంస్థ నీడలో పెరిగిన వీధుల్లోనూ ఆషాఢమాసం రాగానే డప్పులు మోగుతాయి. కొత్తకుండలో బియ్యం, పాలు, బెల్లం వేసి వండి, కుండకి పసుపూ కుంకుమా పెట్టి, వేపమండలు చుట్టి, పైన దీపం వెలిగించి ఆడవాళ్ళు నెత్తిన పెట్టుకుని బయల్దేరతారు. భోజనమే బోనమయింది. మనల్ని కాచిన తల్లికి మనం ఒకపూట వండిపెట్టడం, అంతే.

సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి గుడి కథ కూడా జబ్బుతోనే మొదలవుతుంది. 1813లో కలరా చెలరేగినప్పుడు, సైన్యంతో ఉజ్జయినిలో ఉన్న డోలీ మోసే సురిటి అప్పయ్య అక్కడి అమ్మవారికి మొక్కుకున్నాడనీ, తిరిగొచ్చి 1815లో ఇక్కడ కొయ్యవిగ్రహం నిలిపాడనీ చెబుతారు.

"చూశారా, భయంలోంచి పుట్టిన దేవతలే ఇవన్నీ" అంటారు చదువుకున్నవారు. అయి ఉండవచ్చు. కాని భయమే మూలమైతే, భయం తీరగానే దేవతా వెళ్ళిపోవాలి కదా? మశూచి లోకంలో లేదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. దాన్ని తరిమింది టీకాలే, సందేహం లేదు. అయినా పోచమ్మ గుడి ముందు జనం తగ్గలేదు. బోనాలు 2014లో తెలంగాణ రాష్ట్ర పండగ కూడా అయ్యాయి. భయం పోయాక మిగిలిన దానికి కృతజ్ఞత అని పేరు పెడితే తప్పేముంది?

ఇక్కడ కాస్త దూరదేశం సంగతి చెప్పాలి. క్రైస్తవానికి ముందరి దేవతల్ని కొలిచేవాళ్ళని యూరపులో 'పేగన్లు' అన్నారు. లాటిన్‌లో ఆ మాటకి మొదటి అర్థం పల్లెటూరి మనిషి అని. మన 'గ్రామదేవత' అనే మాటకి ఎంత దగ్గర చుట్టమో చూడండి! ఐస్‌లాండ్ ప్రజలు వెయ్యేళ్ళ కిందట క్రైస్తవం స్వీకరించారు. 1972లో అక్కడ కొందరు కలిసి పాత దేవతల కొలువుకి 'ఆసాత్రు' పేరుతో సంఘం పెట్టుకున్నారు. మరుసటేడే ప్రభుత్వం గుర్తించింది. ఒంటికన్ను దేవుడు ఎనిమిది కాళ్ళ గుర్రమెక్కి తిరుగుతున్నాడని ఎవరూ నమ్మరనీ, అవి జీవితాన్ని చెప్పే కవితారూపాలనీ ఆ సంఘం పెద్ద హిల్మార్ ఓర్న్ హిల్మార్సన్ 2015లో అన్నారు. ఐర్లండులో పవిత్రమైన బావుల పక్క చెట్లకి కోరిక కోరి గుడ్డపీలికలు కట్టే అలవాటుంది. మన ముడుపు లాంటిదే.

వాళ్ళు తెగిపోయిన దారం వెతికి ముడివేసుకుంటున్నారు. మన చేతిలో దారం తెగనేలేదు. కాకపోతే దాన్ని కొంగుచాటున దాస్తున్నాం, ఎవరైనా చూస్తే పల్లెటూరివాళ్ళమనుకుంటారేమోనని.

ఆ దాచడంలోనే అసలు అబద్ధం ఉందని నాకనిపిస్తుంది. బోనాలకి పనిమనిషి రెండురోజులు సెలవడుగుతుంది. "నాగా పెట్టడానికి కాకపోతే ఈ మూఢాచారాలేమిటే!" అని విసుక్కుంటాం. మనింట్లో పిల్లవాడు పడుకున్ననాడు అదే పనిమనిషిని పిలిచి, "నాలుగు వేపమండలు తెచ్చిపెట్టవే" అంటాం. మనం కడితే సంప్రదాయం, ఆమె మొక్కితే మూఢత్వమా? ఆకులు రాలి కారు మీద పడుతున్నాయని వాకిట్లో చెట్టు కొట్టించి, ఆటలమ్మ వచ్చినప్పుడు పక్కవీధి చెట్టుకి దణ్ణం పెట్టడం మాత్రం ఏ రకం భక్తి?

నమ్మకం ఉందా లేదా అన్నది మనసు లోపలి సంగతి. మనకే సరిగా తెలీదు. ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు. అది లేనిరోజున దీపం పెట్టినంత మాత్రాన దొంగలం కాము. పుట్టినరోజున పాయసం వండేటప్పుడు పాయసంలో ఆయుష్షు ఉందని నమ్మి వండుతామా? కాని అవసరానికి చెయ్యి చాచి, తీరాక చిన్నచూపు చూస్తే దానికి సమాధానం చెప్పుకోవాలి. చెట్టుకి మొక్కేవాళ్ళం చెట్టుని బతకనివ్వాలి. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. మందు బాధ్యత అమ్మవారి మీద వెయ్యకూడదు. ఇవన్నీ ఏడాదికోసారి చేసేవి కావు, రోజూ చెయ్యవలసినవి.

చెట్టులో దేవత ఉందా అని పిల్లలడిగితే, "నాకూ తెలీదమ్మా, నీడ మాత్రం ఉంది" అనండి. అందులో అబద్ధం లేదు. వచ్చే ఆషాఢంలో పనిమనిషి అడక్కముందే సెలవివ్వండి. మర్నాడు ఆమె బోనం అన్నం తెచ్చిపెడితే రెండు చేతులా అందుకోండి. "నాకు నమ్మకం లేదు కానీ..." అనే మాట ఆ ఒక్కపూటకీ మానేస్తే కొంప మునగదు.